వెనక బ్లాకులో పొంగిన పాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వైపు పోయేటప్పుడు ఎడమ పక్క కిటికీ దగ్గర నిలబడితే, ఉపేందర్ కాపురం చేసిన ఇళ్ళలో నాలుగింటి డాబాలు కనబడతాయి. కుడి పక్కకు జరిగితే మిగతా మూడు. పదిహేనేళ్ళలో ఏడిళ్ళు. అన్నీ కలిపి సిటీ బస్సులో కండక్టరు టికెట్లు కొట్టడం పూర్తయ్యేలోపు దాటిపోయే దూరం. ఇంత చిన్న జాగాలో ఇంత పెద్ద ప్రయాణం చేసిన మనిషి ఇంకొకడు ఉంటే చూపించాలి.

పోనీ ఎవరైనా ఖాళీ చేయించారా అంటే అదీ లేదు. ఏ యజమానితోనూ పేచీ లేదు. ప్రతిసారీ ఇల్లే ఆయనకు ద్రోహం చేసేది. చైతన్యపురి ఇంట్లో దిగిన ఎనిమిది నెలలకు వంటగది ఉండకూడని మూల ఉందని తేలింది. కొత్తపేట ఇల్లు అన్ని విధాలా లక్షణంగా ఉండేది, పక్కింటాయన ఈశాన్యాన నీళ్ళ ట్యాంకు కట్టేదాకా. సరూర్‌నగర్ ఇంట్లో ఏ దోషమూ దొరకలేదు. దోషం లేని ఇల్లు ఉండదు గనుక ఉపేందర్‌కు ఏడాదిన్నర పాటు కంటిమీద కునుకు లేదు. చివరికి ఒకరోజు మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కితే బేసి రావాల్సిన చోట సరిసంఖ్య వచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయి, ఆ వారంలోనే సామాను సర్దించాడు.

ఆయనకు నలభై ఏడేళ్ళు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద పెద్ద చీరల షాపులో సేల్స్‌మన్. ఒక్క చీరా కొనని మహాతల్లికి కూడా డెబ్భై చీరలు విప్పి చూపించి, నవ్వు చెదరకుండా మళ్ళీ మడతపెట్టగల ఓర్పు ఆయనది. ఆ ఓర్పంతా షాపులోనే అయిపోయేదేమో, ఇంటికొచ్చాక భార్య రెండో మాట ఎత్తేలోపలే చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆయన తండ్రి సిద్ధిరాములు పోచంపల్లి పక్క పల్లెలో నలభై ఏళ్ళు ఒకే గదిలో, ఒకే గుంటమగ్గంలో కాళ్ళు దింపుకుని కూర్చుని నేశాడు. ఆ గుంట ఏ దిక్కున ఉందని ఆయన్ను ఎవరూ అడగలేదు. అడిగినా ఆయన కళ్ళు నూలు మీదినుంచి లేచేవి కావు. అలాంటి మనిషి కొడుక్కి ఒక్కచోట కాలు నిలవకపోవడం ఆ తండ్రికి చివరిదాకా అంతుపట్టలేదు.

ఉపేందర్ ఇల్లు మారినప్పుడల్లా అసలు నష్టపోయేది ఇందు. ఆమె బ్లౌజులు కుడుతుంది. బ్లౌజులు కుట్టే మనిషికి పేరు రావడం మాటలు కాదు. కొత్త గల్లీలో దిగిన మొదటి మూడు నెలలు చీరలకు ఫాల్ వెయ్యమని తప్ప ఎవరూ రారు. తర్వాత ఎవరో ఒకామె అనుమానపడుతూ పాత గుడ్డముక్క తెచ్చిస్తుంది. అది చంకల్లో పట్టకుండా, భుజం జారకుండా కుదిరితే పక్కింటామెకు చెబుతుంది. అలా చెప్పుకుంటూ చెప్పుకుంటూ గల్లీ మొత్తం కొలతలు ఇందు పుస్తకంలోకి ఎక్కేసరికి ఏడాది దాటుతుంది. సరిగ్గా అప్పుడే ఉపేందర్‌కు ఈశాన్యంలో ఏదో కనబడేది. ఏడు గల్లీల ఆడవాళ్ళ కొలతలు ఇందు దగ్గర ఉన్నాయి. ఆ ఆడవాళ్ళు మాత్రం ఒక్కరూ ఆమె దగ్గర లేరు.

ఈసారి కథ కొంచెం మారింది. గడ్డిఅన్నారం గల్లీవాళ్ళు, "నువ్వు ఏడికన్న పో ఇందక్కా, మా బ్లౌజులు నువ్వే కుట్టాలె," అన్నారు. అని ఊరుకోలేదు, ఇరవై మూడు గుడ్డలు తెచ్చి ఒళ్ళో పోశారు. శ్రావణమాసం మొదటి శుక్రవారానికి అందాలి, అందితే ఇక ఎప్పటికీ ఈమె దగ్గరికే. ఇందు సరేనంది. ఒక గల్లీ తన వెంట రావడం ఆమె జీవితంలో ఇదే మొదలు. రోజుకు రెండు చొప్పున కుట్టినా పన్నెండు రోజుల పని, పైగా హుక్కులు, చేతిపని వేరే. సామాను దిగిన రోజే మిషను నడవాలి. ఒక్క రోజు తప్పినా మాట తప్పినట్టే.

ఈ ఎనిమిదో ఇల్లు ఎల్బీనగర్ దాటాక చింతలకుంటలో ఒక అపార్ట్‌మెంటు. వీళ్ళు తీసుకున్న ఫ్లాటు యజమాని హయత్‌నగర్‌లో ఉంటాడు. ఎదురెదురుగా రెండు బ్లాకులు, మధ్యలో బండ్లు పెట్టుకునే జాగా. మెయిన్ గేటు దగ్గరున్నది రోడ్డు బ్లాకు, దాని వెనకున్నది వెనక బ్లాకు. ఉపేందర్ కిరాయికి తీసుకున్నది రోడ్డు బ్లాకులో 302. వెనక బ్లాకులోనూ ఒక 302 ఉంటుందన్నది మామూలు మనుషులకు తట్టే సంగతి. ఉపేందర్ చూపు అంతకన్నా పై సంగతుల మీద ఉండేది.

ఆషాఢంలో కొత్త ఇంట్లో చేరకూడదు. కానీ ఆషాఢం రాకముందే ఒక మంచి ఘడియలో పోయి, దేవుడి పటం పెట్టి పాలు పొంగించి వస్తే ఆ ఇంట్లో చేరిపోయినట్టే లెక్క. సామాను ఆషాఢంలో ఎప్పుడు దింపుకున్నా దోషం అంటదు. ఇది ఏ శాస్త్రంలో ఉందో గానీ కిరాయి ఇళ్ళలో బతికేవాళ్ళందరికీ కంఠతా వచ్చు. జ్యేష్ఠమాసం చివర్లో తెల్లవారుజామున అయిదూ పన్నెండుకు పంతులు ముహూర్తం పెట్టాడు.

ఆ తెల్లవారుజామున ఒక చిక్కు వచ్చింది. అపార్ట్‌మెంటు మెయిన్ గేటు దక్షిణాన ఉంది. దేవుడి పటం పట్టుకుని దక్షిణం గేటులోంచి పోవడమా! ఉపేందర్ ప్రాణం ఒప్పలేదు. వెనక సందులో ఉత్తరాన ఒక చిన్న గేటు ఉంది. చెత్తబండి వచ్చే గేటది. అందులోంచి పటం, పాలచెంబు, స్టవ్వు, బూడిద గుమ్మడికాయ పట్టుకుని ఆలుమగలు లోపలికొచ్చారు. పక్కనే గదిలో చాప మీద పడుకున్న వాచ్‌మన్ అంతయ్య లేవబోతుంటే, లేస్తూ తుమ్ముతాడేమోనని భయపడి ఉపేందర్, "పండుకో పండుకో, లెవ్వకు," అని తలుపు పక్క మేకుకు వేలాడుతున్న తాళంచెవుల గుత్తి తానే తీసుకున్నాడు. ఇల్లు చూడ్డానికొచ్చిన రోజు గేటు దాటగానే వచ్చింది తన బ్లాకు. ఈ రోజూ గేటు దాటగానే ఒక బ్లాకు వచ్చింది. ఎక్కేశాడు. గుత్తిలో 302 అని రాసినవి రెండున్నాయి. ఒకటి పట్టలేదు, రెండోది పట్టింది.

"గిది మన ఇల్లు కాదేమో సుప్రియ డాడీ," అంది ఇందు లోపలికి అడుగుపెట్టగానే. "మనం చూసిన ఇంట్ల హాలు కిటికీకెల్లి రోడ్డు కనబడ్డది. గిక్కడ గోడ కనబడుతున్నది."

"నోరు మంచిగ పెట్టు. పాలు పెట్టే టైమ్ల గివేం మాటలు? కీ పట్టిందా లేదా? మనది గాకపోతే ఎట్ల పడ్తది?"

తాళం అంత గట్టి సాక్ష్యం చెప్పాక ఇక వాదించేదేముంది? సరిగ్గా అయిదూ పన్నెండుకు పాలు పొంగాయి, స్టవ్వు మీంచి నల్లరాతి బండ మీదికి కూడా పొంగాయి. గుమ్మంలో ఉపేందర్ గుమ్మడికాయ పగలగొట్టాడు, నిమ్మకాయ తొక్కాడు, పసుపూ కుంకుమా చల్లాడు. అంత బాగా జరిగిన పాలపొంగు తన ఏడిళ్ళలో ఎక్కడా చూడలేదని దారి పొడుగునా చెప్పాడు.

మర్నాడు ఇందు యజమానికి ఫోను చేసి అడిగి, సంగతి భర్తకు చెప్పింది. "మనది రోడ్డు మీది బ్లాకంట."

"పాలు పొంగినంక అనుమానం పడితే ఫలం పోతది. గా ముచ్చట మళ్ళ ఎత్తకు," అన్నాడు ఉపేందర్, షాపుకు టైమవుతోందని చెప్పులేసుకుంటూ.

ఆమె మళ్ళీ ఎత్తలేదు. మూడోసారి చెప్పే అలవాటు ఆమెకు పోయి చాలా ఏళ్ళయింది. హయత్‌నగర్ బస్సెక్కి పోయి, యజమాని దగ్గరున్న రెండో తాళంచెవి తెచ్చుకుని పర్సులో వేసుకుంది.

పదకొండు రోజుల తర్వాత ఆదివారం, ఆషాఢంలో, సామాను కదిలింది. ఇక్కడ సామాను లారీని అందరూ డీసీఎం అంటారు. ఆ డీసీఎంను మాట్లాడింది ఇందు, ఎందుకంటే ఉపేందర్‌కు ఆ వారమంతా ఏ వస్తువు ముందు ఎక్కాలో తేల్చుకోవడంతోనే సరిపోయింది. లారీ నడిపేదీ, ముగ్గురు హమాలీలను ఆడించేదీ మహిపాల్ అనే నల్లగొండ మనిషి. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న కూతురు సుప్రియను కూడా రమ్మన్నారు గానీ, "ఎనిమిదో ఇల్లు నేను తర్వాత చూస్త, తొమ్మిదోది వచ్చేలోపల," అని ఫోను పెట్టేసింది.

ఉపేందర్ పొద్దున్నుంచీ మహిపాల్‌కు చుక్కలు చూపించాడు. బియ్యం డ్రమ్ముకన్నా ముందు చీపురు ఎక్కకూడదు. అద్దం పడమర చూడకూడదు. బీరువా లారీలో కూడా ఉత్తరం వైపు ముఖం పెట్టి నిలబడాలి. నలుగురు మనుషులు చెమటలు కక్కుతూ బీరువాను మూడుసార్లు తిప్పి ఉత్తరానికి నిలబెట్టారు. లారీ గల్లీ మలుపు తిరగ్గానే అది తూర్పుకు తిరిగింది. కొత్తపేటలో బోనాల ఊరేగింపు అడ్డమొచ్చి, పోలీసులు బండ్లను వెనక్కి మళ్ళించినప్పుడు దక్షిణానికీ తిరిగింది. దేవుడి పటాన్ని స్కూటరు ముందు పెట్టుకుని వెనకే వస్తున్న ఉపేందర్ ఇదంతా కళ్ళారా చూశాడు. చూడలేక కళ్ళు మూసుకోబోయి, ట్రాఫిక్ గుర్తొచ్చి తెరిచాడు.

డీసీఎం చింతలకుంట చేరేసరికి ఒంటిగంట. వెనక సందులో లారీ పట్టదు గనుక మెయిన్ గేటు దగ్గరే ఆగింది. సామాను మొయ్యడానికి లిఫ్టు సాయంత్రం నాలుగింటివరకే ఇస్తారు, అది అక్కడి అసోసియేషన్ రూలు. ఇందు క్యాబిన్‌లోంచి దిగకుండా కూర్చుంది. ఉపేందర్ మాత్రం పటం పట్టుకుని, చుట్టూ తిరిగి, ఉత్తరం గేటులోంచి వచ్చి వెనక బ్లాకు ఎక్కి 302 తలుపు నెట్టాడు. తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది. బెల్లు కొడితే డెబ్భై ఏళ్ళ పెద్దావిడ తీసింది. వెంకాయమ్మ అని, తెనాలి వైపు మనిషి. టీచరుగా రిటైరైంది. ఇంటికి రంగులు వేయించుకోవడానికి సామానంతా ఒక గదిలో పెట్టి తాళం వేసి, నెలరోజులు కొడుకు దగ్గరుండి, పది రోజుల కిందటే తిరిగొచ్చింది.

"ఎవరు నాయనా? ఏం కావాలి?"

"మేం గీ ఇంట్ల కిరాయికి దిగుతున్నమమ్మా. మీరెవలు?"

"నా ఇంట్లో నువ్వు అద్దెకు దిగడమేంటయ్యా? నేనింకా ఉన్నానుగా!"

"అట్ల గాదమ్మా. మేం పదకొండు రోజుల కిందనే ఒచ్చి పాలు పొంగిచ్చి పోయినం."

వెంకాయమ్మ కళ్ళజోడు సరిచేసుకుని ఆయన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గుమ్మంలో గుమ్మడికాయ పగలగొట్టింది నువ్వేనా?"

"నేనేనమ్మా," అన్నాడు ఉపేందర్, మెచ్చుకుంటుందనుకుని.

"నిమ్మకాయ తొక్కింది? పసుపూ కుంకుమా చల్లింది?"

"నేనే."

"వంటింటి బండ మీద పాలు మాడ్చింది?"

"గది మా ఆమె."

"ఎంత పని చేశావయ్యా!" అని వెంకాయమ్మ గుమ్మం పట్టుకుంది. "ఎవరో చేతబడి చేయించారనుకున్నానయ్యా! తలుపులకు తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి, లోపల చూస్తే ఈ ఘోరం. మా తోటికోడలు తప్ప నాకింకెవరూ తోచలేదు. ఫోన్లో దాన్ని అనరాని మాటలన్నీ అన్నాను. నలభై ఏళ్ళ చుట్టరికం తెంపేసుకున్నాను నీ పాల మూలంగా!"

ఈ గొడవకు అంతయ్య మెట్లెక్కి వచ్చాడు. "సార్, మీది రోడ్డు మీది బ్లాకు గద. గిది టీచరమ్మ ఇల్లు."

"మరి ఆ రోజు చెప్పొద్దా నువ్వు?"

"లేస్తుంటె పండుకో పండుకో అన్నది మీరే గద సార్."

ఉపేందర్ గుండె జారిపోయింది. ఇంకొకరి ఇంట్లోకి దొంగలా జొరబడ్డామని కాదు, ముసలావిడ చుట్టరికం తెగిందనీ కాదు. అంత చక్కటి పాలు, అయిదూ పన్నెండుకు క్షణం తేడా లేకుండా పొంగిన పాలు, ఈ తెనాలావిడ ఖాతాలో పడిపోయాయి! తన ఇంట్లో చుక్క పొంగలేదు. ఇది ఆషాఢం. కింద లారీలో సంసారమంతా ఉంది. అక్కడే నిలబడి పంతులుకు ఫోను చేశాడు.

"పాలు ఏ ఇంట పొంగితే ప్రవేశం ఆ ఇంటికే నాయనా," అన్నాడు పంతులు. వెనక ఏదో పెళ్ళి భోజనాల చప్పుడు టీవీలోంచి వినబడుతోంది. "శ్రావణ శుద్ధ తదియ దాకా మంచిది లేదు. ఇరవై రోజులు ఆగు." ఆగడం ఎక్కడో ఆయన చెప్పలేదు.

ఉపేందర్ వెంకాయమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఒక మాట. మీరు మా దాంట్ల ఉండున్రి, మేం మీ దాంట్ల ఉంటం. రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి గద."

ఆవిడ తలుపు వేసేసింది. ఉపేందర్ కిందికి దిగాడు.

లారీ దగ్గర మహిపాల్ తాళ్ళు విప్పుతున్నాడు. "ఆగున్రి, దింపకున్రి," అని ఉపేందర్ చేతులడ్డం పెట్టాడు. జరిగింది జరిగినట్టు ఇందుకు చెప్పాడు, తన తప్పు ఎక్కడా తగలకుండా జాగ్రత్తగా. చెప్పి, ఉపాయం కూడా చెప్పాడు. సామానంతా పార్కింగులో ఒక మూల పెట్టి తార్పాలిన్ కప్పాలి. తామిద్దరూ ఇరవై రోజులు మీర్‌పేట్‌లో తన చెల్లెలి ఇంట్లో ఉండాలి. శ్రావణంలో పాలు పొంగించుకుని దర్జాగా దిగాలి.

"పార్కింగ్ల పెట్టనియ్యరు సార్," అన్నాడు అంతయ్య. "పాత సైకిలు నాలుగు రోజులుంటెనే సెక్రటరీ సారు నోటీసు అంటిస్తడు."

"అయితే గడ్డిఅన్నారమే తిరిగి పోదాం."

"అండ్ల కొత్తోళ్ళు దిగిన్రు," అంది ఇందు. "మనం లారీ ఎక్కుతుంటెనే ఆళ్ళ ఫ్రిజ్జు లోపలికి పోయింది. చూడలేదా?"

ఆయన చూడలేదు. అప్పుడాయన బీరువా దిక్కు చూస్తున్నాడు.

టైము రెండున్నర దాటింది. మబ్బు పట్టింది. హమాలీలు లారీ నీడలో కూలబడి బీడీలు వెలిగించారు. ఉపేందర్ ఇంకో పంతులు నంబరు కోసం షాపులోని వాళ్ళకు ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేస్తూ, గేటుకూ లారీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. రెండో పంతులు ఇరవై రోజులు కాదు, ఇరవై నాలుగన్నాడు. మూడో ఆయన ఫోనెత్తలేదు. మూడుంబావు అయింది. ఇందు క్యాబిన్‌లోంచి దిగింది. చంకలో ఇరవై మూడు గుడ్డల మూట ఉంది.

"శ్రావణం దాక ఆగుమంటున్నవా?"

"ఇరవై రోజులే గద ఇందూ. జర ఓపిక పట్టు."

"శ్రావణం మొదటి శుక్రారానికి ఇస్తనన్న. ఇయ్యకపోతే ఆ గల్లీ కూడ పాయె." ఆమె గొంతు పెంచలేదు. "ఏడిండ్లు తిరిగిన నీ ఎనక. ఏ ఇంట్లన్న అడిగినవా నన్ను? ఇందూ, నీకు వెలుతురు వస్తదా, మిషను ఏడ ఏసుకుంటవ్ అని, ఒక్కనాడన్న అడిగినవా? నా కండ్లు పోతున్నయ్, నీకు మూలలు కనబడుతున్నయ్."

"గిప్పుడు అవన్ని ఎందుకు రోడ్డు మీద..."

ఆయన చెయ్యి అడ్డం పెట్టబోయాడు. ఆమె ఆ చేతి పక్కనుంచి నడిచి మహిపాల్ దగ్గరికి పోయింది. "తమ్మీ, దింపున్రి. గీ బ్లాకే, మూడో అంతస్తు. తాళం నా దగ్గరున్నది. ముందుగాల మిషను."

మహిపాల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అక్కా, సారు వద్దంటున్నడు గద."

"డీసీఎం మాట్లాడింది ఎవలు?"

"నువ్వే."

"మరి దింపు. నాలుగైతే లిఫ్టు బందయితది."

ముప్పావుగంటలో ఇల్లంతా ఎక్కిపోయింది. పొద్దున మూడు గంటలు పట్టిన సామాను అది. దిక్కులు చూసేవాడు అడ్డం లేకపోతే పని ఎంత త్వరగా అవుతుందో హమాలీలకే ఆశ్చర్యమేసింది. చీపురు బియ్యం కన్నా ముందు పోయింది. అద్దం ఎటుపడితే అటు చూసుకుంటూ పోయింది. ఉపేందర్ "అయ్యో, అయ్యో" అంటూ లిఫ్టు దాకా రావడం, పటం చేతిలో ఉండడం చేత దేన్నీ పట్టుకోలేక వెనక్కి పోవడం. చివరికి ఒక సూట్‌కేసు, వాస్తు పుస్తకాల అట్టపెట్టె, ఒక ప్లాస్టిక్ కుర్చీ మిగిలాయి. హమాలీ వాటి మీద చెయ్యి వెయ్యబోతే ఇందు వద్దంది.

"అవి ఆయనయి. వాటికి ముహూర్తం లేదంట. ఉండనియ్యి."

మధ్యలో ఒకసారి ఆమె వెనక బ్లాకుకు పోయింది. ఏం మాట్లాడిందో గానీ పావుగంట తర్వాత వెంకాయమ్మ బాల్కనీలోంచి ఆవిడ గొంతు పార్కింగు దాకా వినబడింది. ఫోన్లో తోటికోడలితో ఒకటే ఏడుపూ నవ్వూ. నడుమ ఇందు ఫోను అందుకుని, తప్పు మాదేనమ్మా, కాళ్ళు పట్టుకుంటున్న అని చెప్పడం కూడా ఉపేందర్ విన్నాడు. తన తరఫున తన భార్య ఎవరి కాళ్ళో పట్టుకుంటుంటే ఆయనకు తల కొట్టేసినట్టయింది. తాను పోయి ఆ మాట అనవచ్చన్న సంగతి మాత్రం తట్టలేదు.

నాలుగున్నరకు మహిపాల్ గ్లాసుతో కిందికొచ్చాడు. "చాయ్ సార్. అక్క ఇయ్యమన్నది."

ఉపేందర్ ఉలిక్కిపడ్డాడు. "పాలెక్కడివి?"

"అంతయ్యతోని ప్యాకెట్టు తెప్పిచ్చింది. స్టవ్వు పెట్టి మా అందరికి చాయ్ పెట్టింది."

"పాలు... పొంగినయా?"

"లేదు సార్. పొంగొస్తుంటే మంట చిన్నగ చేసింది," అన్నాడు మహిపాల్, ఆమె జాగ్రత్తను మెచ్చుకుంటూ.

కొత్త ఇంట్లో మొదటిసారి పొయ్యి వెలిగించి, పొంగబోయే పాలను కావాలని ఆపి, హమాలీలకు చాయ్ పోసిన ఆడది ఈ లోకంలో ఇంకొకతె ఉంటుందా అనుకున్నాడు ఉపేందర్. తాగనని గ్లాసు చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు. లారీ వెళ్ళిపోయింది. చాయ్ చల్లారింది. పొద్దున్నుంచీ కడుపులో ఏమీ లేదు గనుక చివరికి తాగాడు. అల్లం వేసి చక్కగా కాచింది. అందుకు ఆయనకు ఇంకా ఒళ్ళు మండింది.

తర్వాత వాన అందుకుంది. పటాన్ని చొక్కా కింద పెట్టుకుని, సూట్‌కేసునూ పుస్తకాల పెట్టెనూ పార్కింగులోకి లాక్కునేసరికి ఆయన నిలువునా తడిసిపోయాడు. పెట్టె అడుగు నాని ఊడి పుస్తకాలు నీళ్ళలో పడ్డాయి. అంతయ్య వచ్చి ఏరిపెట్టాడు. "పైకి పోరాదున్రి సార్. ఎంతసేపని గిక్కడ?" అన్నాడు. ఉపేందర్ లిఫ్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇందు కిందికి వస్తుందని, బతిమాలుతుందని, అప్పుడు కాసేపు బెట్టుచేసి సరేలెమ్మని పోవచ్చని ఆయన లెక్క. ప్రతి ఇంట్లోనూ అలకకు ఆమే దిగొచ్చేది. అయిదున్నర అయింది. లిఫ్టు నాలుగుసార్లు కిందికొచ్చింది. నాలుగుసార్లూ వేరేవాళ్ళే దిగారు.

గొడుగేసుకుని వెంకాయమ్మ వెనక బ్లాకులోంచి వచ్చింది. చేతిలో ఒక కవరు. ఆయన్ను చూసి ఆగింది. "ఏవయ్యా, ఇంకా ఇక్కడే ఉన్నావా? మా ఇల్లు ఖాళీ అవుతుందని చూస్తున్నావా ఏంటి?" అని నవ్వి, రోడ్డు బ్లాకు లిఫ్టు ఎక్కింది.

ఇంకో పావుగంట చూసి ఉపేందర్ లేచాడు. దేవుణ్ణి తడవనివ్వకూడదు కదా, అందుకే పోతున్నానని తనకు తాను చెప్పుకుని మెట్లెక్కాడు. ఎక్కుతూ ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండో అంతస్తులో ఆయాసం వచ్చి లెక్క తప్పాడు. 302 తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలినుంచి వస్తున్న మిషను చప్పుడు అప్పుడే ఆగింది. తలుపు మీద చెయ్యి వెయ్యగానే ఇందు గొంతు వినబడింది.

"ఎవలు? జర ఆగున్రి, కొలతలు తీస్తున్న."

"నేనే."

"నువ్వైతే ఇంకింత ఆగు. టీచరమ్మ ఉన్నది."

ఆగాడు. తన ఇంటి బయట, తడి బట్టలతో, పటాన్ని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. పక్క ఫ్లాటువాళ్ళెవరో లిఫ్టు దిగి, ఈయనెవరో చందాకు వచ్చాడనుకుని గబగబా తలుపేసుకున్నారు. లోపల ఆడవాళ్ళిద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు. ఇందు అలా నవ్వగా విని ఎన్నాళ్ళయిందో ఉపేందర్‌కు గుర్తురాలేదు.

పది నిమిషాలకు వెంకాయమ్మ బయటికొచ్చింది. "శుక్రవారం వస్తానమ్మాయ్. మా తోటికోడల్ని కూడా తీసుకొస్తాను, దానికీ ఒకటి కుట్టాలి," అని చెప్పి, ఈయన వైపు చూడకుండా పోయింది. ఉపేందర్ తలుపు తోశాడు.

మూటలు గోడల వెంట వరసగా పెట్టి ఉన్నాయి. తూర్పు కిటికీలోంచి రోడ్డు మలుపూ, దాని మీద వాన వెలిసిన వెలుతురూ కనబడుతున్నాయి. ఆ కిటికీ పక్కన, హాలుకు ఈశాన్యం మూల, దేవుడు తప్ప ఇంకెవరూ ఉండకూడని చోట, ఇందు మిషను వేసుకుంది. సూది కింద ఒక ఆకుపచ్చ గుడ్డ సగం కుట్టి ఉంది.

ఉపేందర్ నోరు తెరిచాడు.

ఇందు తలెత్తింది. మెడలో టేపు, వేళ్ళ మధ్య సుద్దముక్క. ఆమె చూపులో కోపం లేదు, అలకా లేదు. ఉంటే ఆయనకు ఏం చెయ్యాలో తెలిసేది. షాపులో ఏమీ కొనకుండా లేచిపోయే ముందు ఆడవాళ్ళు అలా చూస్తారు. ఆ చూపు పడ్డాక ఇంకెన్ని చీరలు విప్పినా, ఎంత తియ్యగా మాట్లాడినా ఆ మనిషిని ఆపలేమని ఇరవై ఏళ్ళ అనుభవంలో ఆయనకు బాగా తెలుసు. పదిహేనేళ్ళుగా ఇళ్ళలోని లోపాలన్నీ వెతికిన మనిషికి మొదటిసారి నిజంగా భయమేసింది. తెరిచిన నోరు మూసుకున్నాడు. నేల మీద తన బట్టల నుంచి నీళ్ళు కారుతుంటే పక్కకు జరిగాడు. ఎటు జరగాలో తెలియక మళ్ళీ గుమ్మంలోకే వచ్చాడు.

ఏడిళ్ళలో ఏ వస్తువు ఎక్కడుండాలో తానే చెప్పినవాడు, ఎనిమిదో ఇంట్లో నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇందూ, నన్ను యాడ కూసోమంటవ్?"